మందుల జాడీకి నక్క కాపలా

కొండ కింద గెడ్డ, గెడ్డ పక్కన సన్యాసినాయుడి పశువుల శాల. గెడ్డ అంటే కొండ మీంచి దిగే వాగేనండి. ఎండాకాలంలో కోడిపిల్ల కూడా కాళ్ళు తడవకుండా దాటేస్తుంది. అదే వానాకాలంలో ఏనుగుని పిలిచి దాటమనండి, "నాకు వేరే పని ఉంది బాబూ" అని వెనక్కి తిరిగిపోతుంది. గెడ్డ పొంగిందంటే ఊరు అవతల, పశువుల డాక్టరు అవతల, శాలలో ఉన్న ప్రాణాలు ఇవతల.

ఆ ప్రాణాలు ఎవరెవరివంటే, ముందుగా మేక కోటమ్మ. ఒళ్ళు సన్నం, గొంతు లావు, తొందర మరీ లావు. కొత్త సంగతి చెవిన పడితే చాలు, నాలుగు కాళ్ళూ నేల మీద నిలవవు. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు మువ్వ. గోడ కనిపిస్తే ఎక్కడం, ఎక్కితే దూకడం, అదీ మువ్వ దినచర్య. తరవాత పెట్ట గంపమ్మ, తొమ్మిది పిల్లల తల్లి. ఆఖరున గేదె నీలవేణి. పేరుకి తగ్గ నలుపే గానీ జడ మాత్రం తోకకే ఉంది. పడుకుందంటే పిడుగు పడ్డా లేవదు. లేచి కొమ్ములు దించిందంటే పులైనా పక్కకి తప్పుకోవాల్సిందే.

శాల వెనక గట్టులో బొరియ తవ్వుకుని నక్క గవరయ్య ఉండేవాడు. నాయుడి కుక్క భయం ఒకటి, నీలవేణి కొమ్ముల భయం ఒకటి. ఈ రెండు భయాల వల్ల పాపం చాలా మర్యాదస్తుడిగా బతుకుతున్నాడు.

ఆ ఏడు తొలకరికి ముందు ఊళ్ళోంచి ఆరోగ్య కార్యకర్త ఒకావిడ గెడ్డ దాటి వచ్చి, నాయుడి భార్య పైడమ్మని అరుగు మీద కూర్చోబెట్టి కాగితం చదివి వినిపించింది.

"వానలు పడకముందే ఇంట్లో మందుల పెట్టె సిద్ధం చేసుకోవాలి పైడమ్మా. ఉతికి ఎండేసిన గుడ్డలు, కట్టు కట్టే పట్టీలు, కత్తెర, జ్వరం బిళ్ళలు, విరేచనాలైతే నీళ్ళలో కలుపుకుని తాగే పొట్లాలు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టాలి. దెబ్బ తగిలాక వెతుక్కుంటే ఏదీ దొరకదు."

అరుగు కింద కోటమ్మ చెవులు రిక్కించి వింటోంది. ఎంత మంచి మాట! ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం! ఒళ్ళంతా పులకరించిపోయింది. ఇంతలో కార్యకర్త చేతిలోంచి కాగితం జారి కింద పడింది. మేకకి కాగితం దొరికితే ఏమవుతుందో వేరే చెప్పాలా? సగం విన్నది, మిగతా సగం తిన్నది. తిన్నది నములుతూనే శాలకి పరుగెత్తింది.

"ఒలమ్మో నీలప్పా! గంపమ్మా! లేవండి, లేవండి! మనకీ మందుల పెట్టె కావాలి!"

అప్ప అంటే అక్కేనండి. నీలవేణి నెమరు ఆపకుండానే అంది. "మొన్న మెడకి గంట కావాలన్నావు. నిన్న పైడమ్మ చీర కావాలన్నావు. ఇవాళ మందుల పెట్టె."

"ఇది వేరే అప్పా! పోయినేడు నీ గిట్టలో మేకు దిగినప్పుడు ఏం చేశాం మనం?"

"నేను అరిచాను."

"నేనూ అరిచాను," అంది గంపమ్మ.

"నేనూ అరిచాను. ముగ్గురం కలిసి పొద్దు వాలేదాకా అరిచాం. అరిస్తే మేకు ఊడిందా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"మనకి చేతులేవీ వదినా?" అంది గంపమ్మ.

"చేతులు లేవు గనకే ఇంకా ముందు మేలుకోవాలి! నడవండి!"

ఇంక చూడండి ఆ సందడి! వంటింటి వెనక మూతి పగిలిన ఊరగాయ జాడీ ఒకటి పడి ఉంటే కోటమ్మ తలతో దొర్లించుకొచ్చింది. కుడితి తొట్టి పక్కన కడిగి ఎండలో పెట్టారు. ఎంత కడిగినా ఆవకాయ ఘాటు పోక గంపమ్మ తొమ్మిది పిల్లలూ వరసగా తుమ్మాయి. పైడమ్మ చింపి పారేసిన పాత నేతచీర పేలికలు ఏరి, నీళ్ళ తొట్లో జాడించి, కంచె మీద ఆరేశారు. పసుపు కొమ్ములు ఒకరు తెస్తే, కల్లుప్పు ఒకరు తెచ్చారు. కాలు విరిగితే కట్టడానికి వెదురు బద్దలు. నీరసానికి బెల్లం. కొబ్బరి చిప్పలో కాస్త తేనె. పైన గుప్పెడు వేపాకు. జాడీ మూతికి గుడ్డతో గట్టిగా వాసెన కట్టేసరికి కోటమ్మకి ఏనుగెక్కినంత సంబరం.

"ఇప్పుడు రమ్మను దెబ్బని! ఎంత పెద్ద దెబ్బో రమ్మను!" అంటూ మువ్వతో కలిసి శాల చుట్టూ రెండు గంతులు వేసింది కూడా.

జాడీ ఆ రోజు కోటమ్మ పాకలోనే పెట్టారు. తెల్లారి చూస్తే వాసెన లేదు, వేపాకు లేదు, చీర పేలికలు లేవు, బెల్లం ఊసే లేదు.

"దొంగ! దొంగ పడ్డాడు!" అని కోటమ్మ గుండెలు బాదుకుంది.

గంపమ్మ దగ్గరికి వచ్చి తల పక్కకి వాల్చి చూసింది. "వదినా, నీ మూతికి వేలాడుతున్నది పైడమ్మ చీర అంచే కదూ?"

కోటమ్మ నాలుకతో తడుముకుంది. అంచే. సిగ్గుతో చెవులు వాలిపోయాయి. "నిద్రలో నోరు ఊరుకోదే గంపమ్మా! నాకు తెలిస్తే తింటానా?"

"కంచే చేను మేసిందంటే ఇదే," అంది నీలవేణి.

మళ్ళీ అన్నీ పోగు చేశారు. ఈసారి జాడీ గంపమ్మ గూటి దగ్గర పెట్టారు. కోడికి ఎదురుగా ఏదున్నా గీకకుండా కాలు ఊరుకుంటుందా? మధ్యాహ్నానికల్లా వాసెన చిరిగింది, పసుపు పెంటకుప్ప మీద, ఉప్పు బురదలో. పైగా "లోపల పురుగు కదిలినట్టు అనిపించింది వదినా" అని జవాబు.

మూడోసారి నీలవేణి కొట్టంలో పెట్టారు. రెండు రోజులు గడిచాయి. చూస్తే ఉప్పు లేదు.

"నాలుక తగిలింది," అంది నీలవేణి.

"నాలుక తగిలిందా, గంపెత్తి పోసుకున్నావా?"

"నా నాలుక అంత ఉంది. నేనేం చెయ్యను?"

ముగ్గురూ ముఖాలు తిప్పుకుని కూర్చున్నారు. కోటమ్మకి ఏడుపొక్కటే తక్కువ. పెట్టె పెట్టుకోవడం ఇంత తేలికా, ఉంచుకోవడం ఇంత కష్టమా!

సరిగ్గా అప్పుడు కంచె అవతల నుంచి ఒక తియ్యని దగ్గు వినిపించింది. కుక్క నాయుడి వెంట పొలానికి వెళ్ళిన వేళ చూసుకుని గవరయ్య నిలబడి ఉన్నాడు. తోక మడిచి, తల వంచి, పెళ్ళికి పిలవడానికి వచ్చినవాడిలా.

"కోటమ్మత్తా, మీ కష్టం చూడలేక వచ్చాను. నన్ను ఒక్క మాట అడగనీ. నేను వేపాకు తింటానా?"

"తినవు."

"చీర పేలికలు?"

"తినవు."

"ఉప్పు నాకుతానా? పసుపు గీకుతానా? వెదురు బద్దలు నమిలి మింగుతానా?"

కోటమ్మ కళ్ళు మిలమిలా మెరిశాయి. "ఏదీ తినవు నాయనా!"

"మరి మందుల జాడీకి నాకంటే మంచి కాపలా ఈ కొండ చుట్టుపక్కల ఎక్కడైనా ఉందా? నువ్వే చెప్పు అత్తా."

"ఎంత చక్కగా చెప్పాడు! నీలప్పా, విన్నావా?"

నీలవేణి ముక్కుతో బుస్సుమంది. "విన్నాను. దొంగ చేతికి తాళం ఇస్తున్నావని కూడా విన్నాను."

"ఏం దొంగ? తిననిదాన్ని ఎలా దొంగిలిస్తాడు? వారం రోజులు పెట్టి చూద్దాం, పోయేదేముంది!"

మళ్ళీ ఉప్పు పోసి వారం పెట్టారు. ఎనిమిదో రోజు గవరయ్య కంచె దగ్గరికి జాడీ దొర్లించుకొచ్చి వాసెన విప్పి చూపించాడు. ఒక్క ఆకు తగ్గలేదు. కట్టు జారలేదు. పైగా జాడీ తుడిచి తళతళలాడించాడు. కోటమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"ఇంక ఇది మీ దగ్గరే ఉంటుంది డాక్టరు బాబూ!"

డాక్టరు అనేసరికి గవరయ్య ఛాతీ అంగుళం పెరిగింది. "ఉంటుంది అత్తా. కానీ పద్ధతి పద్ధతే. మందు నా గుమ్మం దాటి బయటికి రాదు, పేషెంటే లోపలికి రావాలి. పేషెంటు ఒక్కరే. బంధువులు బయట కూర్చోవాలి."

"పెద్దాసుపత్రిలో కూడా అంతేనట!" అని కోటమ్మ మురిసిపోయింది.

శ్రావణం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే నాయుడు, పైడమ్మ కుక్కని వెంటబెట్టుకుని అవతలి ఊరి సంతకి వెళ్ళారు. పది గంటలకి కొండ మీద మబ్బు చిల్లు పడ్డట్టు కురిసింది. గంటలో గెడ్డ గట్లు ఒరుసుకుని పారింది. వెళ్ళినవాళ్ళు అవతలే చిక్కుపడ్డారు. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది గానీ గాలి మాత్రం శాల కప్పు మీది పాత రేకునొకదాన్ని ఊడబెరికి కింద పడేసింది.

వాన తగ్గింది కదా అని మువ్వ కట్టెల మోపు ఎక్కింది. ఎక్కింది కాబట్టి దూకింది. దూకడం దూకడం ఆ రేకు అంచు మీదికి.

మువ్వ కేక విని కోటమ్మ వచ్చేసరికి పిల్ల వెనక తొడ చీరుకుపోయి రక్తం ధారగా కారుతోంది. గంపమ్మ అరుస్తోంది. తొమ్మిది పిల్లలూ అరుస్తున్నాయి. కోటమ్మకి లోకం గిర్రున తిరిగింది. తొందరమనిషి కదా, మొదట చేయాల్సింది మర్చిపోయి రెండోదానికి పరుగు తీసింది.

"జాడీ! మందుల జాడీ!"

ఒక్క ఊపున గట్టు ఎక్కి బొరియ ముందు వాలింది.

"డాక్టరు బాబూ! మా మువ్వకి రేకు కోసుకుంది! ఒక్క గుడ్డముక్క ఇలా పడెయ్ బాబూ, నీకు పుణ్యముంటుంది!"

గవరయ్య గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "అయ్యయ్యో! కానీ పద్ధతి మరిచిపోయావా అత్తా? పేషెంటుని తీసుకురా."

"నడవలేకపోతోంది!"

"నువ్వు ఈడ్చుకురా. ఎక్కడ తెగింది?"

"తొడ."

"తొడా!" గవరయ్య గొంతు ఎందుకో మెత్తబడింది. "కండ బాగా ఉన్నచోటేనా? పిల్ల ఇంకా లేతగానే ఉంది కదా? పచ్చిగడ్డి మేస్తోందా, చెత్తా చెదారం తింటోందా?"

కోటమ్మ అన్నిటికీ తలూపుతూనే ఉంది గానీ, ఆ ప్రశ్నల వరసే ఏదో తేడాగా తోచింది. రక్తం ఎంత పోయిందని అడగడేం? పిల్లకి స్పృహ ఉందా అని అడగడేం? మెడ చాచి లోపలికి చూసింది. బొరియ శుభ్రంగా ఊడ్చి ఉంది. మధ్యలో కడిగిన అరిటాకు ఒకటి పరిచి ఉంది. పక్కన రాతి పలక మీద మూడు కుప్పలు. తెల్లది ఉప్పు. పచ్చది పసుపు. మరి ఆ ఎర్రది?

"బాబూ, ఆ ఎర్రటిదేమిటి?"

"అదా... కారం."

"కారం మేం జాడీలో వెయ్యలేదే!"

"నాయుడి కళ్ళంలోంచి మిరపకాయలు తెచ్చి నేనే దంచాను," అన్నాడు గవరయ్య ఎటో చూస్తూ. "చలికాలం... జలుబులకి..."

ఉప్పు, పసుపు, కారం, అరిటాకు! ఇది ఆసుపత్రి కాదు, వంటిల్లు! మందు తిననివాడని మురిసిపోయాను గానీ, పేషెంటుని తింటాడని ఆలోచించలేదే! అయినా కోటమ్మ కూడా నాలుగు సంతలు చూసిన మేకే. కనిపెట్టినట్టు పైకి తేలనివ్వకుండా ముఖం దీనంగా పెట్టింది.

"ఇప్పుడే తీసుకొస్తా బాబూ. సిద్ధంగా ఉండు."

"సిద్ధంగానే ఉన్నానత్తా," అన్నాడు గవరయ్య. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

వెనక్కి పరుగెత్తుతుంటే అరుగు దగ్గరి మాట ఒకటి కోటమ్మ తలలో గంటలా మోగింది. శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టాలి! గుడ్డ ఏది? వసారాలో దండెం మీద పైడమ్మ ఉతికి ఆరేసిన తువ్వాలు ఉంది. గెంతి నోటితో లాగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నూలు తువ్వాలు. గంజి వాసన. మేక నోట్లో. వసారా నుంచి శాలకి నలభై అడుగులు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కోటమ్మ నోట్లో పడిన గుడ్డ బయటికి వచ్చిన పాపాన పోలేదు. దవడ దానంతట అది ఆడబోయింది. "ఆడావంటే నా పిల్ల పోతుంది" అని దవడకి చెప్పింది. పదడుగులకొకసారి చెప్పింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ పంటి గాటు ఒక్కటి పడకుండా తువ్వాలు తెచ్చి మువ్వ తొడ మీద మడతపెట్టింది.

"గంపమ్మా! ఎక్కి కూర్చో దీని మీద! బరువంతా వెయ్! లోపల ఏమైందో చూద్దామని లేచావంటే మళ్ళీ మొదటికొస్తుంది!"

గంపమ్మకి ఒక్కసారిగా అరుపు ఆగిపోయింది. రెక్కలు విప్పి తువ్వాలు మీద సర్దుకుని కూర్చుంది. "కూర్చోవడం నాకు నేర్పుతావా వదినా? గుడ్ల మీద ఇరవై ఒక్క రోజులు కూర్చున్నదాన్ని. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

నీలవేణి పడుకున్నచోటు నుంచే మూతితో గడ్డి మోపు నెట్టి మువ్వ కాలు కిందకి జరిపింది, కాలు ఎత్తున ఉండేలా. చూస్తుండగానే ధార చుక్కలైంది, చుక్కలు నిలిచాయి. మువ్వ "అమ్మా, దాహం" అంది. ఆ మాట వినగానే కోటమ్మకి ప్రాణం సగం తిరిగొచ్చింది.

మిగతా సగం జాడీలో ఉంది. గెడ్డ దిగడానికి రెండు రోజులో మూడు రోజులో. అన్నాళ్ళూ గంపమ్మ కూర్చోలేదు కదా! గాయం కడగాలి, పట్టీ కట్టాలి. పిల్లని పంపకుండా జాడీ రావాలి.

"నే చెప్పానా లేదా?" అంది నీలవేణి.

"చెప్పావు అప్పా, గెడ్డ దిగాక నన్ను తీరిగ్గా తిట్టు. ఇప్పుడు ఒక సాయం చెయ్. నీకు వచ్చిన పనే."

"ఏం పని?"

"పడుకోవడం."

నీలవేణి వెంటనే లేచింది. ఆవిడ అంత చురుగ్గా లేవడం శాలలో ఎవరూ చూడలేదు.

నీలవేణిని గట్టు పక్కన తుప్పల చాటున నిలబెట్టి కోటమ్మ ఒక్కతే రొప్పుతూ బొరియ ముందుకి వెళ్ళింది.

"డాక్టరు బాబూ! కొంప మునిగింది! రెండో రేకు కూడా పడింది! గంపమ్మకి రెక్క విరిగింది, దాని తొమ్మిది పిల్లలకీ దెబ్బలే! మా మువ్వతో కలిపి పదకొండు మంది పేషెంట్లు!"

గవరయ్య చెవులు నిటారుగా లేచాయి. నోట్లో ఊరింది మింగడానికి రెండు గుటకలు పట్టాయి. "పద... పదకొండా? ఒకేసారా?"

"ఒకేసారే. ఒకరికి ముందు, ఒకరికి వెనక అంటే ఎవరూరుకుంటారు, తల్లిప్రాణాలు కదా! కానీ బాబూ..." కోటమ్మ మెడ చాచి లోపలికి చూసి పెదవి విరిచింది. "నీ ఆసుపత్రి సరిపోదు. ఉన్న కాస్త చోటులో సగం ఆ జాడీయే ఆక్రమించింది. తా దూర కంత లేదు, మెడకో డోలని! పోనీలే, కొండెక్కి కోతి వైద్యుడి దగ్గరికి తీసుకుపోతాం."

"కోతా!" గవరయ్య అదిరిపడ్డాడు. "వాడికేం తెలుసు వైద్యం? వాడు పళ్ళు తినేవాడు! ఉండు అత్తా, ఉండు. చోటు ఎందుకు లేదు? జాడీ బయట పెడితే బోలెడు చోటు!"

"మందు గుమ్మం దాటకూడదన్నావు కదా?"

"అది బంధువులకి పెట్టిన పద్ధతి. డాక్టరుకి పద్ధతేమిటి!"

అని తానే ఉప్పూ పసుపూ మళ్ళీ జాడీలోకి తోసి, వాసెన బిగించి, తలతో నెట్టి, కాళ్ళతో తన్ని జాడీని బయటికి దొర్లించాడు. కోటమ్మకి ఇంకొక్క పని మిగిలింది.

"ఇప్పుడు ఎంతమంది పడతారో? వెనక గోడ దాకా వెళ్ళి అడుగులు వేసి చూడు బాబూ. గంపమ్మ కాస్త లావు మనిషి."

"లావైతే మరీ మంచిది!" అంటూ గవరయ్య లోపలికి పోయాడు. "ఒకటి... రెండు... పిల్లలు ఇటు... పెట్ట అటు..."

"అప్పా!" అంది కోటమ్మ.

తుప్పల చాటు నుంచి నల్లటి కొండ కదిలొచ్చింది. వెనక్కి తిరిగింది. ఎక్కడ కూర్చోవాలో తోకతో ఒకసారి తడిమి చూసుకుంది. కూర్చుంది.

బొరియ చీకటైపోయింది.

"ఎవరక్కడ? వెలుతురుకి అడ్డం లేవండి!" అని లోపల్నుంచి వినిపించింది.

"ఇప్పుడే కదా కూర్చున్నాను," అంది నీలవేణి, నెమరు మొదలుపెడుతూ.

కోటమ్మ అదంతా వింటూ నిలబడలేదు. జాడీని తలతో దొర్లిస్తూ గట్టు దిగి, గుంట దాటి, వాకిట్లోంచి శాలకి చేర్చింది. మూత పెట్టిన కడవలోని మంచినీళ్ళు వంచి గాయం కడిగారు. తేనె రాశారు. పేలికలు పొరలు పొరలుగా చుట్టి, ఒక కొన కోటమ్మ పళ్ళతో, ఒక కొన గంపమ్మ ముక్కుతో పట్టుకుని ముడి వేశారు.

"మరీ బిగించకు వదినా, కాలు చల్లబడిపోతుంది."

"నువ్వు వదులు చెయ్యకు, జారిపోతుంది."

"అబ్బ, మీరిద్దరూ పోట్లాడుకోకండే, నొప్పి!" అంది మువ్వ. కూతురు విసుక్కుంటే తల్లికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. బెల్లం నీళ్ళు తాగి పిల్ల నిద్రపోయింది.

మూడోనాటికి గెడ్డ దిగింది. నాయుడు పిల్లని భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. తుప్పు రేకు కాబట్టి సూది తప్పలేదు, నాలుగు కుట్లు కూడా పడ్డాయి. "రక్తం ఆపి, కట్టు కట్టింది ఎవరయ్యా? లేకపోతే పిల్ల దక్కేది కాదు," అన్నాడట డాక్టరు. నాయుడు పైడమ్మ కట్టిందనుకున్నాడు, పైడమ్మ నాయుడు కట్టాడనుకుంది. తువ్వాలు ఏమైందని మాత్రం ఇద్దరూ కోటమ్మనే అనుమానించారు. ఏం చేస్తాం, పేరు అలాంటిది.

జాడీ ఇప్పుడు శాల నడుమ రాతి గట్టు మీద ఉంటుంది. మేకకి కనిపిస్తుంది, కోడికి కనిపిస్తుంది, గేదెకి కనిపిస్తుంది. కోటమ్మ మూతి చాపితే మిగతా ఇద్దరూ "ఏయ్!" అంటారు. గంపమ్మ కాలు లేపితే మిగతా ఇద్దరూ "ఏయ్!" అంటారు. ఒక నోటికి నాలుగు కళ్ళు కాపలా. అమావాస్య అమావాస్యకి వాసెన విప్పి ఎండిన వేపాకు తీసేసి కొత్తది వేస్తారు. తీసేసిన ఆకు హక్కుగా కోటమ్మకి. ఆ రోజు కోసం ఆవిడ నెలంతా ఎదురుచూస్తుంది.

అన్నట్టు గవరయ్య సంగతి చెప్పలేదు కదూ?

నీలవేణి ఆ మధ్యాహ్నం కూర్చున్నది పొద్దు వాలేదాకా లేవలేదు. లోపల గవరయ్య మొదట పద్ధతి గురించి మాట్లాడాడు. తరవాత పుణ్యం గురించి మాట్లాడాడు. ఆఖరికి కోపం పట్టలేక ముందుకీ వెనక్కీ గింజుకున్నాడు. చోటు ఇరుకు, తోక పొడుగు. ఆ తోక వెళ్ళి రాతి పలకకి తగిలింది. పలక మీద మిగిలినదేమిటి? కారం!

ఆ తరవాత బొరియలోంచి వచ్చిన తుమ్ములకి నీలవేణికే కింద గిలిగింతలు పెట్టినట్టయిందట. సాయంత్రం ఆవిడ మేతకని లేవగానే గవరయ్య ఎర్రటి ముఖంతో, మూసుకుపోయిన కళ్ళతో, కారుతున్న ముక్కుతో బాణంలా దూసుకొచ్చాడు.

"నీళ్ళు! కళ్ళు మండుతున్నాయి! ఎవరైనా కాసిని నీళ్ళు పొయ్యండి!"

ఎవరూ పొయ్యలేదు. తుప్పకి గుద్దుకుని, రాయికి తట్టుకుని, బురదగుంటలో మూతి ముంచుకుని, మళ్ళీ తుమ్ముతూ కొండ అవతలికి పరుగు లంకించుకున్నాడు. పదకొండు మందిని వడ్డించుకోవడానికి పరిచిన అరిటాకుని మర్నాడు కోటమ్మ వెళ్ళి తినేసింది.

నీతి: దెబ్బ తగిలిన చోటికి అందని మందు, ఎంత భద్రంగా ఉన్నా లేనట్టే.